మూడు తూకం చీటీలు: మెదడు రక్తనాళం ఇరుకు, స్టెంట్ ఎంపిక - ఒక కేస్ స్టడీ

ఈ కేసులో నా చూపు మొదట ఆగింది ఎంఆర్ఐ మీద కాదు, మూడు తూకం చీటీల మీద. రోగికి 54 ఏళ్లు. ఆదోని మార్కెట్ యార్డులో ఒక కమిషన్ దుకాణంలో ముప్పై ఏళ్లుగా గుమాస్తా. పత్తి బోరాలు కాటా మీదికి ఎక్కుతుంటే పక్కన నిలబడి రైతు పేరు, బరువు, తరుగు రాయడం ఆయన పని. కూతురు ఆ చీటీలను సంచిలోంచి తీసి నా టేబుల్ మీద వరుసగా పరిచింది. మొదటి చీటీలో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. రెండో దాంట్లో 'క్వింటాళ్లు' అన్న మాట సగం నుంచి కిందికి జారిపోయింది. మూడో దాంట్లో అంకెలు ఉన్నాయి కానీ రైతు పేరు లేదు.

"ఈ మూడూ ఒకే పొద్దున రాసినవి సార్. పది నిమిషాలకు మళ్లీ మామూలుగానే రాసినాడు నాయన. అందుకే ఎవరూ పట్టించుకోలేదు" అంది ఆ అమ్మాయి.

ఆ చీటీల తర్వాత రెండు రోజులకు, జనవరి మూడో వారంలో, ఆయనకు కుడి చెయ్యి బలం తగ్గి మాట తడబడింది. మా దగ్గరికి వచ్చేసరికి పది గంటలు దాటింది, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు వేళ మించిపోయింది. స్ట్రోక్ తీవ్రత స్కోరు 4, అంటే తేలికరకం. పదకొండేళ్లుగా షుగర్, ఏడేళ్లుగా బీపీ, రోజుకు ఒక కట్ట బీడీలు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 9.8, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 142. గుండె ఎకో, 24 గంటలు గుండె లయను నమోదు చేసే హోల్టర్ బాగానే ఉన్నాయి. మెడలోని కరోటిడ్ నాళాల్లో చెప్పుకోదగ్గ ఇరుకు లేదు.

ఎంఆర్ఐలో ఎడమ మెదడు లోపలి తెల్ల పదార్థంలో చిన్న చిన్న చుక్కలు, జపమాల పూసల్లా ముందు నుంచి వెనక్కి ఒకే వరుసలో కనిపించాయి. ఎంఆర్ యాంజియోగ్రామ్‌లో ఎడమ మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ మొదటి భాగంలో ఒకచోట నాళం తెగినట్టు ఖాళీ. మెదడు పక్క భాగానికి రక్తం ఇచ్చే ఈ ధమనిని ఇకపై ఎంసీఏ అంటాను.

ఆ పూసల వరుస గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఈ కేసులో తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయమూ దాని నుంచే వచ్చింది. మెదడు నాళంలో కొవ్వు పేరుకుని ఇరుకైతే స్ట్రోక్ మూడు దారుల్లో రావచ్చు. ఇరుకు దగ్గర గడ్డ కట్టి, ముక్క విరిగి, ముందుకు కొట్టుకుపోయి పై కొమ్మలో ఇరుక్కోవడం ఒకటి. ఇరుకు వల్ల ప్రవాహం తగ్గి, చివరి ప్రాంతాలకు రక్తం చాలకపోవడం రెండోది. పేరుకున్న కొవ్వే పక్కకు పాకి, ఆ నాళం నుంచి లోపలికి వెళ్లే వెంట్రుకల్లాంటి కొమ్మల నోళ్లను మూసేయడం మూడోది. ఈ సన్నని కొమ్మల్ని మేం పర్ఫొరేటర్లు అంటాం.

ఇంటివాళ్లకు దీన్ని తుంగభద్ర దిగువ కాలువతో పోల్చి చెప్పాను. కాలువలో పూడిక పడితే తలమడి భూములకు నీళ్లు అందుతూనే ఉంటాయి, ముందు ఎండేది ఆయకట్టు చివరి చేలు. పూసల వరుస కనిపించిన చోటు మెదడులో అలాంటి చివరి ఆయకట్టు. పర్ఫొరేటర్లు కాలువ గట్టున ఉండే తూములు. ఆయన మంచం మీది నుంచే, ఇంకా కొంచెం ముద్దగా ఉన్న మాటతో, "మా తమ్ముని చేను కాలువ చివరనే ఉండాది సార్, నాకు అర్థమైంది" అన్నాడు.

మొదట మందులతోనే

ఆయనకు స్టెంట్ వేయాలని ఆ రోజు నేను అనుకోలేదు. ఇప్పుడు అలాంటి రోగి వచ్చినా అనుకోను. 2011లో వచ్చిన సామ్‌ప్రిస్ అధ్యయనం మా రంగంలో అందరికీ పెద్ద దెబ్బ. అందులో 451 మంది రోగులు. అందరికీ మెదడు నాళంలో 70 నుంచి 99 శాతం ఇరుకు, ఇటీవలే వచ్చిన స్ట్రోక్ లేదా తాత్కాలిక స్ట్రోక్. ఒక వర్గానికి గట్టి మందులు మాత్రమే, రెండో వర్గానికి అవే మందులతో పాటు వింగ్‌స్పాన్ అనే స్వయంగా విచ్చుకునే స్టెంట్. మొదటి 30 రోజుల్లో స్ట్రోక్ లేదా మరణం స్టెంట్ వర్గంలో 14.7 శాతం, మందుల వర్గంలో 5.8 శాతం. స్టెంట్ గెలుస్తుందని నమ్మి మొదలుపెట్టిన అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు.

స్వయంగా విచ్చుకునేది కాకపోతే బెలూన్ మీద బిగించిన స్టెంట్ మేలేమో అనుకున్నవాళ్లకు 2015లో విసిట్ జవాబు ఇచ్చింది. 112 మందితో ఆగిపోయిన చిన్న అధ్యయనం అది. 30 రోజుల్లో స్ట్రోక్, మరణం లాంటి కీడు స్టెంట్ వర్గంలో 24.1 శాతం, మందుల వర్గంలో 9.4 శాతం.

కాబట్టి గడ్డ కట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్‌కు ఎక్కువ మోతాదు రోసువాస్టాటిన్, షుగర్‌కు ఇన్సులిన్ మొదలుపెట్టాం. బీడీ మానమని గట్టిగా చెప్పాం. ఐదో రోజు ఆయన నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు.

మంత్రాలయం క్యూలో

ఐదు వారాలకు మళ్లీ ఫోన్ వచ్చింది. నిలబడగానే కుడి చెయ్యి అదుపు లేకుండా ఊగుతోందని, కూర్చుంటే తగ్గుతోందని. వేడినీళ్లు పోసుకుని లేచినప్పుడు ఒకసారి, పొద్దున మంచం దిగినప్పుడు ఒకసారి. దగ్గర్లోని ఎవరో ఫిట్స్ అనుకుని ఆ మాత్రలు కూడా మొదలుపెట్టారు. ఇది ఫిట్స్ కాదు. నాళం బాగా ఇరుకైనవాళ్లలో బీపీ కొంచెం పడితే చాలు, చెయ్యి ఇలా ఊగుతుంది. చెయ్యి ఊగుతోందని ఎవరైనా చెబితే నేను మొదట అడిగేది 'నిలబడి ఉన్నప్పుడా, పడుకుని ఉన్నప్పుడా' అని.

రమ్మన్నాను. ఆ వారం గురువారం. ఇంట్లో మొక్కు ఉందని, ముందు మంత్రాలయం వెళ్లి వస్తామన్నారు. మార్చి మొదటి వారం, ఎండ అప్పుడే ముదిరింది. ఒక్కపొద్దు ఉండి, బీపీ మాత్ర మాత్రం వేసుకుని, క్యూలో రెండు గంటలు నిలబడ్డాడు. అక్కడే మాట పూర్తిగా పోయింది. నలభై నిమిషాలు పట్టింది తిరిగి రావడానికి. సాయంత్రం మా దగ్గర తీసిన ఎంఆర్ఐలో పాత పూసల పక్కన రెండు కొత్త చుక్కలు. బీపీ 104/66.

ఇక్కడ 'మందులు పనిచేయలేదు, ఇక స్టెంటే' అని తేల్చేయడం చాలా తేలిక. ఆ మాట అనే ముందు నేను మూడు సంగతులు తేల్చుకుంటాను. మాత్రలు నిజంగా పడుతున్నాయా? కూతురు ఖాళీ అట్టలు తెచ్చి చూపించింది, ఒక్క రోజూ తప్పలేదు. బీపీ మరీ కిందికి లాగేశామా? అవును. స్ట్రోక్ వచ్చిన భయంతో ఊళ్లో ఇంకో మాత్ర కలిపారు. రెండు మాత్రల్లో ఒకటి ఆపాం. క్లోపిడోగ్రెల్ ఒంటికి పడుతోందా? ఈ మందు లివర్‌లో మారితేనే పనిచేస్తుంది. ఆ మార్పు చేసే సీవైపీ2సీ19 ఎంజైమ్ మన ప్రాంతంలో చాలామందికి జన్యుపరంగా మందకొడిగా ఉంటుంది. రక్తం హైదరాబాద్ పంపితే ఈయన అలాంటివాడేనని తేలింది. అదే పని చేసే, ఆ ఎంజైమ్ అక్కర్లేని టికాగ్రెలర్‌కు మార్చాం.

అంటే ఐదు వారాలు ఆయన రెండు మందుల మీద ఉన్నాడని మేం అనుకున్నాం. నిజానికి ఉన్నది దాదాపు ఒకదాని మీదే. జనవరిలోనే ఆ పరీక్ష పంపి ఉండాల్సింది. ఇప్పుడు 70 శాతం దాటిన ప్రతి ఇరుకుకూ మొదటి వారంలోనే పంపుతున్నాను.

మందు మార్చి, బీపీ 140 దగ్గర ఉంచి, రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగించినా, పదిహేను రోజుల్లో నిలబడినప్పుడు చెయ్యి ఇంకో రెండుసార్లు ఊగింది. అప్పుడు మాత్రమే నాళం తెరవడం గురించి ఇంటివాళ్లతో మాట్లాడాను. కొత్త చుక్కలు వచ్చిన రోజు నుంచి మూడు వారాలు దాటేదాకా ఆగాం. తాజాగా దెబ్బతిన్న మెదడులోకి ఒక్కసారిగా ప్రవాహం వదిలితే రక్తస్రావం కావచ్చు. 2022లో చైనా నుంచి వచ్చిన కాసిస్ అధ్యయనంలో కూడా మూడు వారాలు దాటినవాళ్లనే తీసుకున్నారు, పర్ఫొరేటర్ స్ట్రోక్‌లను పక్కన పెట్టారు. అంత జాగ్రత్తగా ఎంచుకున్నా ఏడాదికి కీడు స్టెంట్ వర్గంలో 8.0 శాతం, మందుల వర్గంలో 7.2 శాతం. స్టెంట్ వేయడంలోని ముప్పు పాత అధ్యయనాల కంటే తగ్గింది, మందులను మించిన లాభం మాత్రం రాలేదు. ఈ అంకెలు ఇంటివాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాను. మందులు సరిగ్గా పడుతూ కూడా చెయ్యి ఊగుతున్న మనిషి కాబట్టే ముందుకు వెళ్తున్నామని చెప్పాను.

నాళాన్ని దగ్గరగా చూస్తే

నాళంలోకి రంగుమందు ఎక్కించి తీసే యాంజియోగ్రామ్ డీఎస్ఏ. అందులో ఎడమ ఎంసీఏ మొదటి భాగం చివర్లో 6 మి.మీ. పొడవున ఇరుకు. ఇరుకు దగ్గర లోపలి దారి 0.4 మి.మీ., ఆ తర్వాత ఆరోగ్యంగా ఉన్న నాళం 2.4 మి.మీ. లెక్కకు 83 శాతం. పై ఉపరితలం మీదుగా ముందు ధమని నుంచి వచ్చే అడ్డదారి కొమ్మలు ఉన్నాయి కానీ నెమ్మదిగా, ఆలస్యంగా నిండుతున్నాయి. నాళం గోడను చూపించే హై రిజల్యూషన్ ఎంఆర్ఐ కోసం హైదరాబాద్ పంపాం. రానూపోనూ నాలుగు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం, అయినా పంపాను. కొవ్వు నాళం కింది గోడను పట్టుకుని ఉంది. పర్ఫొరేటర్లు ఎక్కువగా పై గోడ, వెనక గోడ నుంచే బయల్దేరతాయి. అంటే పూడిక ఒక గట్టున, తూములు ఎదుటి గట్టున.

ఈ పరీక్ష మీద ఎందుకింత పట్టుబట్టానో చెప్పాలి. కొన్నేళ్ల కిందట నంద్యాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మకు మెదడు వెనక భాగంలోని బేసిలర్ ధమనిలో ఇరుకు ఉండేది. ఆమెకు వచ్చిన స్ట్రోక్ పర్ఫొరేటర్ రకం. స్కాన్ నా ముందే ఉంది. నేను మాత్రం యాంజియోగ్రామ్‌లోని ఇరుకునే చూశాను. బెలూన్ మీద బిగించిన స్టెంట్ వేశాను. తెర మీద నాళం గీత గీసినట్టు నిండుగా వచ్చింది, గదిలో అందరం ఊపిరి పీల్చుకున్నాం. మత్తు దిగాక ఆమె ఎడమ కాలూ చెయ్యీ కదలలేదు. బెలూన్ కొవ్వును పక్కకు నెట్టి, పర్ఫొరేటర్ల నోళ్లలోకి కూరింది. కాలువ వెడల్పు చేస్తూ తీసిన మట్టి తూముల్లోకి తోసినట్టు. ఆమె కర్ర సాయంతో నడవగలిగింది కానీ ఆ చెయ్యి తిరిగి రాలేదు. ఏ స్టెంట్ అన్న ప్రశ్నకు ముందు, ఈ స్ట్రోక్ ఏ దారిన వచ్చింది అన్న ప్రశ్న తేలాలని నేను నేర్చుకున్నది ఆమె దగ్గర.

ఏ స్టెంట్?

మెదడు నాళం గుండె నాళంలాంటిది కాదు. గోడ పలచన, బయటి సాగే పొర ఉండదు, చుట్టూ పట్టి ఉంచే కండరం లేదు, నీళ్లలో తేలుతున్నట్టు ఉంటుంది. గుండెలో ధైర్యంగా ఊదే బెలూన్ ఇక్కడ నాళాన్ని చీల్చగలదు. పైగా అక్కడికి చేరాలంటే పుర్రె అడుగున కరోటిడ్ ధమని తిరిగే 'ఎస్' ఆకారపు మలుపులు దాటాలి. ఈయనకు ఆ మలుపులు రెండూ బాగా ముడుచుకుని ఉన్నాయి. షుగర్, బీపీ ముదిరినవాళ్లలో ఇది మామూలే.

బెలూన్ మీద బిగించిన స్టెంట్‌లో ఒక్క ఊపులో పని అయిపోతుంది, నాళం బాగా తెరుచుకుంటుంది, మిగిలే ఇరుకు తక్కువ. కానీ గట్టిది, ఇలాంటి మలుపుల్లో ముందుకు సాగదు, బలవంతంగా తోస్తే నాళమే సాగిపోతుంది. నిటారు నాళం, పొట్టి ఇరుకు ఉన్నచోట దీన్ని వాడటానికి నాకు అభ్యంతరం లేదు.

మందు పూత ఉన్న స్టెంట్ కూడా బెలూన్ మీద బిగించినదే. దాని వైపు లాగేది ఒక్క కారణం, స్టెంట్ లోపల మళ్లీ ఇరుకు రావడం. 2022లో అచ్చయిన నోవా అధ్యయనం 263 మందిలో మందు పూత స్టెంట్‌ను మామూలు లోహపు స్టెంట్‌తో పోల్చింది. ఏడాదికి మళ్లీ ఇరుకు వచ్చింది మందు పూత వర్గంలో 9.5 శాతం మందికి, మామూలు దాంట్లో 30.2 శాతం మందికి. నెల తర్వాత నుంచి ఏడాది లోపు స్ట్రోక్ 0.8 శాతం, 6.9 శాతం. చిన్న తేడా కాదిది. షుగర్ ఉన్న ఈ రోగి విషయంలో నన్ను చాలా ఊగిసలాడించింది. అయితే మొదటి 30 రోజుల ముప్పులో రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మన దగ్గర చాలాచోట్ల దొరికేది గుండె కోసం చేసిన మందు పూత స్టెంటే. ఈయన మలుపుల్లో దాన్ని నడిపించగలనన్న నమ్మకం నాకు కలగలేదు.

స్వయంగా విచ్చుకునేవాటిలో వింగ్‌స్పాన్ ఈ జబ్బు కోసమే తయారైంది. నాళం గోడను బయటికి నెట్టే బలం బాగుంటుంది. రోగిని నియమాల ప్రకారం ఎంచుకుని, అనుభవం ఉన్నవాళ్లు వేస్తే మొదటి 72 గంటల్లో కీడు 2.6 శాతానికి తగ్గిందని 2019లో వీవ్ అధ్యయనం 152 మందిలో చూపించింది. ఇబ్బంది ఏమిటంటే బెలూన్ తీసి, పొడవాటి వైరు మీద స్టెంట్ గొట్టాన్ని మళ్లీ ఎక్కించాలి. ఆ మార్పిడిలో వైరు కొన మెదడు లోపల ఎక్కడో ఒక చిన్న కొమ్మలో కదులుతూ ఉంటుంది. ఒక్క మిల్లీమీటరు ఎక్కువ వెళ్తే రక్తస్రావం.

న్యూరోఫార్మ్ అట్లాస్, ఎంటర్‌ప్రైజ్ లాంటి స్టెంట్లు ఎన్యూరిజం (నాళం గోడ బుడగలా ఉబ్బడం) చికిత్సలో, ఆ బుడగను నింపే కాయిల్స్ అనే లోహపు తీగచుట్టలకు ఆసరాగా వచ్చినవి. ఇరుకు కోసం వాడటం అనుమతి దాటి వాడటమే. ఆ మాట సంతకం పెట్టించుకునే ముందు తెలుగులో, మెల్లగా చెప్పాను. నెట్టే బలం వింగ్‌స్పాన్ కంటే తక్కువ. కానీ అట్లాస్ 0.017 అంగుళాల మైక్రోకథెటర్ అనే సన్నని గొట్టంలోంచి వెళ్లిపోతుంది, మలుపుల్లో మెత్తగా తిరుగుతుంది. గళ్లు చాలావరకు తెరిచి ఉండే నిర్మాణం కాబట్టి వంకర నాళానికి అతుక్కుంటుంది.

ఇక అసలు స్టెంటే వద్దు, నాళం సైజు కంటే చిన్న బెలూన్‌తో నెమ్మదిగా కొంత తెరిచి వదిలేయడం చాలు అన్నది 2024లో వచ్చిన బేసిస్ అధ్యయనం చెప్పిన మాట. 501 మందిలో, ఏడాదికి కీడు బెలూన్‌తో 4.4 శాతం, మందులతో మాత్రమే 13.5 శాతం. అప్పటిదాకా మందుల మీద గెలిచిన పెద్ద అధ్యయనం ఇదే. ఇందులో లోహం లేదు, నన్ను బాగా ఆలోచింపజేసింది అదే.

అందుకే ప్లాన్ ఇలా రాసుకున్నాను: ముందు చిన్న బెలూన్. నాళం నిలబడితే అక్కడే ఆపేయాలి. నిలబడకపోతే అట్లాస్.

ఆ రోజు

మార్చి చివరి వారం, పూర్తి మత్తులో, కుడి తొడ ధమని నుంచి వెళ్లాం. 2.4లో ఎనభై శాతం 1.92, దానికి దగ్గరి బెలూన్ 2.0 మి.మీ. బెలూన్‌ను పది సెకన్లకు ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి చొప్పున ఊదాను. టెక్నీషియన్ పైకి లెక్కపెడుతున్నాడు. ఆరు దగ్గర ఆపి, అంతే నెమ్మదిగా దించాను. ఇరుకు 35 శాతానికి వచ్చింది. పర్ఫొరేటర్లు అన్నీ నిండుతున్నాయి.

అప్పుడు చేతులు కట్టుకుని గోడ గడియారం చూస్తూ నిలబడ్డాం. ఈ ఆగడం చాలా ముఖ్యం. ఐదో నిమిషంలో 40 శాతం. పన్నెండో నిమిషంలో 60 శాతం, పైగా కింది గోడ దగ్గర పొర లేచి సన్నని గీతలా కదులుతోంది. పొర లేచిందంటే అక్కడ గడ్డ కడుతుంది. ఇక స్టెంట్ తప్పదు. బెలూన్ తీసి, వైరును కదలనీయకుండా మైక్రోకథెటర్ ఎక్కించి, 3.0 x 15 మి.మీ. అట్లాస్ వదిలాం. రెండు చివర్లా ఆరోగ్యమైన నాళంలో నాలుగేసి మిల్లీమీటర్ల దాకా ఉండేట్టు చూసుకున్నాం. మిగిలిన ఇరుకు 20 శాతం. స్టెంట్ తర్వాత మళ్లీ బెలూన్ ఊది 20ని సున్నా చేయాలన్న ఆశ ఉంటుంది. నేను చేయలేదు. నంద్యాల పెద్దమ్మ తెర మీద కూడా సున్నానే ఉండింది.

టేబుల్ మీదే మత్తు దించాం. పేరు చెప్పమంటే చెప్పాడు. కుడి చెయ్యి ఎత్తమంటే ఎత్తాడు. ఐసీయూలో 48 గంటలు బీపీ 110 నుంచి 130 మధ్య కట్టడి చేశాం. మూడు వారాల పాటు 140 దగ్గర ఉంచమన్న డాక్టరే ఇప్పుడు 130 దాటనీయొద్దంటే నర్సమ్మ ఆశ్చర్యపోయింది. ఎండిన చేను మీదికి ఒక్కసారిగా కాలువ వదిలితే గట్లు తెగుతాయని ఆమెకూ అదే పోలిక చెప్పాను. మరుసటి రోజు సీటీలో రక్తస్రావం లేదు.

ఆ తర్వాత

టికాగ్రెలర్, ఆస్పిరిన్ రెండూ ఆరు నెలలు. రెండో నెలలో ముక్కు నుంచి రక్తం వచ్చి భయపడి నాలుగు రోజులు మాత్రలు ఆపేశారు. కూతురు ఫోన్ చేయకపోయి ఉంటే స్టెంట్ మూసుకుపోయేది. అదే రోజు రప్పించి, ముక్కు చూపించి, మాత్రలు మొదలుపెట్టించాం. ఇప్పుడు డిశ్చార్జి కాగితం మీద పెద్ద అక్షరాలతో, ఎరుపు పెన్నుతో రాస్తున్నాం: ఫోన్ చేయకుండా ఈ రెండు మాత్రలు ఆపకూడదు, పన్ను పీకించుకోవడానికైనా సరే.

సెప్టెంబరులో మళ్లీ డీఎస్ఏ తీశాం. స్టెంట్ లోపల 40 శాతం ఇరుకు. మామూలు లోహపు స్టెంట్లలో ఇది అరుదు కాదు. లక్షణాలు ఏవీ లేవు, అడ్డదారి కొమ్మల అవసరం తగ్గి అవి వెనక్కి వెళ్లాయి. ఎల్‌డీఎల్ 61, హెచ్‌బీఏ1సీ 7.2. బీడీలు మానేశాడు. ఆ 40ని చూసి, మందు పూత స్టెంట్‌నే ఎలాగైనా ఎక్కించి ఉండాల్సిందా అని నాకు అనిపించింది. మలుపుల బొమ్మలు తీసి మళ్లీ చూసుకున్నాను. ఈ రోగి వరకు ఇప్పటికీ అదే నిర్ణయం తీసుకుంటాను. మలుపులు నిటారుగా ఉండి ఉంటే మాత్రం నా ఎంపిక మారేది.

టికాగ్రెలర్ ఆపి ఆస్పిరిన్ ఒక్కటే కొనసాగిస్తున్నాం. గురువారం ఒక్కపొద్దుల విషయంలో మధ్యే మార్గం కుదిరింది: మజ్జిగ, పండు తీసుకుంటాడు, బీపీ మాత్ర తిన్నాకే. పత్తి సీజన్ మొదలయ్యాక మళ్లీ యార్డుకు వెళ్తున్నాడు, నీడలో కుర్చీ వేయించుకుని. అక్టోబరులో చూపించుకోవడానికి వచ్చినప్పుడు కూతురు కొత్త తూకం చీటీ ఒకటి తెచ్చింది. అక్షరాలు మునుపటంత గుండ్రంగా లేవు, కొంచెం పెద్దవిగా ఉన్నాయి. రైతు పేరు పూర్తిగా ఉంది. మళ్లీ యాంజియోగ్రామ్ మార్చిలో. ఇరుకు 50 దాటి లక్షణాలు తిరిగొస్తే మందు పూత బెలూన్ గురించి ఆలోచిస్తామని చీటీ పక్కనే ఆయన ఫైలులో రాసి పెట్టాను.